వుడ్రో విల్సన్

థామస్ వుడ్రో విల్సన్ (డిసెంబర్ 28, 1856 – ఫిబ్రవరి 3, 1924) అమెరికా సంయుక్త రాష్ట్రాల 28వ అధ్యక్షుడు. డెమొక్రటిక్ పార్టీకి చెందిన ఇతడు 1913 మార్చి 4 నుండి 1921 మార్చి 4 వరకు రెండు పర్యాయాలు ఆ పదవిని నిర్వహించాడు. రాజకీయాలలో ప్రవేశించక పూర్వం రాజనీతిశాస్త్ర ఆచార్యుడిగా, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా పనిచేశాడు. పిహెచ్.డి. పట్టా పొందిన అమెరికా అధ్యక్షుడు ఇతడొక్కడే. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ, ఆధునిక ఆదాయపు పన్ను, వాణిజ్య నియంత్రణ సంస్థ ఇతని పాలనా కాలంలోనే రూపుదిద్దుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికాను నడిపించినది, నానాజాతి సమితి స్థాపనకు ముఖ్య కారకుడైనది కూడా ఇతడే. అయితే తాను రూపొందించిన ఆ సమితిలో తన దేశాన్ని సభ్యురాలిగా చేర్చలేకపోయాడు.

బాల్యం, విద్యాభ్యాసం

విల్సన్ వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ రగుల్స్ విల్సన్ ప్రెస్బిటేరియన్ చర్చి మతాచార్యుడు. తల్లి జెస్సీ వుడ్రో ఇంగ్లండులో పుట్టిన స్కాటిష్ వంశీకురాలు. విల్సన్ పసితనంలోనే కుటుంబం జార్జియా రాష్ట్రంలోని అగస్టా పట్టణానికి తరలిపోయింది. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధాన్ని ఇతడు అక్కడే చూశాడు. తండ్రి దక్షిణాది పక్షాన్ని సమర్థించాడు. ఆయన చర్చిలో గాయపడిన దక్షిణాది సైనికులకు చికిత్స జరిగేది. యుద్ధంలో ఓడిపోయిన ప్రాంతపు కష్టాలను చిన్ననాడే కళ్ళారా చూసిన అధ్యక్షులు అమెరికా చరిత్రలో అరుదు. యుద్ధమంటే ఇతనికి గల వెరపునకు, దక్షిణాది శ్వేతజాతీయుల జాతి దృక్పథం ఇతనిలో చివరివరకు నిలిచిపోవడానికి కూడా మూలం ఈ బాల్యంలోనే ఉందని చరిత్రకారులు భావిస్తారు.

విల్సన్‌కు సుమారు పదేళ్ళు వచ్చేవరకు చదవడం సరిగా పట్టుబడలేదు. తరువాత పట్టుదలతో చదివి, డేవిడ్సన్ కళాశాలలో ఒక సంవత్సరం గడిపి, 1879లో ప్రిన్స్‌టన్ నుండి పట్టభద్రుడయ్యాడు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించి అట్లాంటాలో కొంతకాలం న్యాయవాదిగా పనిచేశాడు గాని ఆ వృత్తి రుచించలేదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరి 1886లో పిహెచ్.డి. పట్టా పొందాడు.

ఆచార్యుడిగా, రచయితగా

1885లో వెలువడిన కాంగ్రెషనల్ గవర్నమెంట్ అనే గ్రంథం విల్సన్‌కు పేరు తెచ్చింది. అమెరికా కాంగ్రెస్‌లో నిజమైన అధికారం మూసిన గదులలో సమావేశమయ్యే స్థాయీ సంఘాల చేతిలో ఉందని, అందువలన ఏ నిర్ణయానికి ఎవరు బాధ్యులో ప్రజలకు తెలియడం లేదని అందులో వివరించాడు. 1908లో ప్రచురించిన మరొక గ్రంథంలో అధ్యక్షుడే జాతి మొత్తానికి నాయకుడు కావాలని, ప్రజాభిప్రాయాన్ని కూడగట్టి కాంగ్రెస్‌ను నడిపించాలని ప్రతిపాదించాడు. తరువాతి కాలంలో ఇతని విజయాలకు, వైఫల్యానికి కూడా ఈ ఆలోచనే ఆధారమైంది.

1887లో పరిపాలనా అధ్యయనంపై విల్సన్ రాసిన వ్యాసం ప్రభుత్వ పాలనాశాస్త్రానికి నాంది పలికినదిగా పరిగణింపబడుతుంది. విధానాలను నిర్ణయించడం రాజకీయమని, వాటిని సమర్థంగా అమలు జరపడం వేరొక శాస్త్రమని ఇందులో వాదించాడు. రాజకీయాలు – పాలన అనే ఈ విభజన భారతదేశంలో సివిల్ సర్వీసు పరీక్షలకు, విశ్వవిద్యాలయ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకు సుపరిచితమైన పాఠ్యాంశం.

బ్రిన్ మార్ కళాశాలలో, వెస్లియన్ విశ్వవిద్యాలయంలో బోధించిన తరువాత 1890లో ఇతడు ప్రిన్స్‌టన్‌లో ఆచార్యుడిగా చేరాడు.

ప్రిన్స్‌టన్ అధ్యక్షుడిగా

1902లో విల్సన్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1905లో చిన్న చిన్న బృందాలుగా విద్యార్థులతో చర్చించి బోధించే యువ అధ్యాపకులను నియమించి విద్యాప్రమాణాలను పెంచాడు. అయితే ధనిక విద్యార్థుల భోజన క్లబ్బుల స్థానంలో అందరూ కలిసి నివసించే వసతి గృహాలను ఏర్పాటు చేయాలన్న ఇతని ప్రణాళికను పూర్వ విద్యార్థులు వ్యతిరేకించడంతో అది వీగిపోయింది. పట్టభద్రుల కళాశాలను ఎక్కడ నిర్మించాలనే విషయంలో డీన్ ఆండ్రూ వెస్ట్‌తో వివాదం ముదిరింది. 1910లో ఒక పెద్ద విరాళం వెస్ట్ పక్షానికి లభించడంతో విల్సన్ ఓడిపోయాడు. తొలుత వేగంగా విజయాలు సాధించడం, తరువాత ఒక ప్రత్యర్థితో రాజీకి రాలేక పంతానికి పోయి నష్టపోవడం ఇతని జీవితంలో మళ్ళీ కనిపిస్తుంది.

న్యూజెర్సీ గవర్నర్

1910లో న్యూజెర్సీ డెమొక్రటిక్ పార్టీ పెద్దలు విల్సన్‌ను గవర్నర్ పదవికి అభ్యర్థిగా నిలబెట్టారు. పేరున్న ఆచార్యుడు తమ చెప్పుచేతలలో ఉంటాడని వారు ఆశించారు. గెలిచిన వెంటనే విల్సన్ వారితో తెగతెంపులు చేసుకున్నాడు. తనను నిలబెట్టిన నాయకుడు జేమ్స్ స్మిత్ సెనేట్ స్థానానికి చేసిన ప్రయత్నాన్ని బహిరంగంగా వ్యతిరేకించి ఓడించాడు. 1911లో పార్టీ అభ్యర్థులను ప్రజలే ఎన్నుకునే పద్ధతి, ఎన్నికల అవినీతి నిరోధక చట్టం, గాయపడిన కార్మికులకు నష్టపరిహారం, రైల్వే, విద్యుత్తు వంటి ప్రజోపయోగ సంస్థల ధరలను నియంత్రించే కమిషన్ మొదలైనవి శాసనసభ చేత ఆమోదింపజేశాడు. ఈ సంస్కరణలతో ఇతడు జాతీయ స్థాయిలో ప్రసిద్ధుడయ్యాడు.

1912 అధ్యక్ష ఎన్నికలు

1912లో బాల్టిమోర్‌లో జరిగిన డెమొక్రటిక్ పార్టీ మహాసభలో విల్సన్ 46వ విడత ఓటింగులో అభ్యర్థిగా ఎంపికయ్యాడు. రిపబ్లికన్ పార్టీ ఆ ఏడాది రెండుగా చీలింది. పదవిలో ఉన్న అధ్యక్షుడు విలియం టాఫ్ట్ ఒకవైపు, ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ మరొకవైపు పోటీ చేశారు. పెద్ద సంస్థలను ప్రభుత్వం అదుపులో ఉంచితే చాలునని రూజ్‌వెల్ట్ వాదించగా, గుత్తాధిపత్యాన్నే తొలగించి చిన్న వ్యాపారులకు పోటీపడే అవకాశం కల్పించాలని విల్సన్ వాదించాడు. విల్సన్‌కు సుమారు 42 శాతం ప్రజల ఓట్లు మాత్రమే లభించినా 435 ఎలక్టోరల్ ఓట్లతో విజయం సాధించాడు. రూజ్‌వెల్ట్‌కు 88, టాఫ్ట్‌కు 8 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. కాంగ్రెస్ ఉభయ సభలలోను డెమొక్రాట్లకే ఆధిక్యం లభించింది.

ప్రభుత్వ సంస్కరణలు

1913 ఏప్రిల్ 8న విల్సన్ స్వయంగా కాంగ్రెస్‌కు వెళ్ళి ప్రసంగించాడు. జాన్ ఆడమ్స్ తరువాత నూరేళ్ళకు పైగా ఏ అధ్యక్షుడూ ఆ పని చేయలేదు, లిఖిత సందేశాలు పంపి ఊరుకునేవారు. విల్సన్ మాత్రం కాంగ్రెస్ భవనానికి తరచుగా వెళ్ళి సభ్యులతో సంప్రదించి, అవసరమైనచోట సర్దుకుపోయి, ఒకదాని వెంట ఒకటిగా చట్టాలను ఆమోదింపజేశాడు.

సుంకాలు, ఆదాయపు పన్ను: 1913 అక్టోబరులో అండర్‌వుడ్ చట్టం ద్వారా దిగుమతి సుంకాలు గణనీయంగా తగ్గాయి. ఈ బిల్లును అడ్డుకోవడానికి రాజధానిలో గుమిగూడిన వ్యాపార ప్రతినిధులను గురించి విల్సన్ పత్రికాముఖంగా ప్రజలను హెచ్చరించాడు. దరిమిలా సెనేటర్లు తమ ఆస్తుల వివరాలను విచారణలో వెల్లడించవలసి వచ్చింది. తగ్గిన సుంకాల లోటును పూడ్చడానికి అదే చట్టంలో ఆదాయపు పన్ను విధించారు. విల్సన్ పదవిలోకి రావడానికి కొద్ది రోజుల ముందే ఆమోదం పొందిన 16వ రాజ్యాంగ సవరణ ఇందుకు వీలు కల్పించింది. 3,000 డాలర్లకు మించిన ఆదాయంపై పన్ను 1 శాతం మాత్రమే ఉండేది. గరిష్ఠ రేటు 7 శాతం.

ఫెడరల్ రిజర్వ్: 1907లో బ్యాంకుల పతనం వలన కలిగిన సంక్షోభంలో ప్రైవేటు బ్యాంకర్ అయిన జె.పి. మోర్గాన్ సహాయంపై దేశం ఆధారపడవలసి వచ్చింది. ఈ పరిస్థితి పునరావృతం కాకూడదని అందరూ అంగీకరించినా, కొత్త వ్యవస్థ బ్యాంకర్ల చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలో ఉండాలా అన్నది వివాదాస్పదమైంది. విల్సన్ మధ్యేమార్గాన్ని అనుసరించాడు. దేశాన్ని 12 ప్రాంతాలుగా విభజించి, ప్రతి ప్రాంతానికి సభ్య బ్యాంకుల యాజమాన్యంలో ఒక రిజర్వ్ బ్యాంకును, వాటన్నిటిపైన ప్రభుత్వం నియమించే బోర్డును ఏర్పాటు చేశారు. 1913 డిసెంబర్ 23న విల్సన్ ఈ చట్టంపై సంతకం చేశాడు.

గుత్త సంస్థల నియంత్రణ: అక్రమ వ్యాపార పద్ధతులను విచారించి నిలిపివేసేందుకు 1914లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన క్లేటన్ చట్టం పోటీని దెబ్బతీసే విలీనాలను, ధరల వివక్షను నిషేధించింది. కార్మిక సంఘాలను అక్రమ కూటములుగా పరిగణించరాదని కూడా పేర్కొంది. అయితే తరువాత న్యాయస్థానాల తీర్పులు ఈ రక్షణను బలహీనపరిచాయి.

కార్మిక, రైతు సంక్షేమం: 1916లో రైతులకు దీర్ఘకాలిక రుణాలు, అంతర్రాష్ట్ర రైల్వే కార్మికులకు 8 గంటల పనిదినం, బాలకార్మిక నిషేధం చట్టాలయ్యాయి. బాలకార్మిక చట్టాన్ని 1918లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇతనికి సలహాదారైన న్యాయవాది లూయీ బ్రాండైస్ 1916లో సుప్రీంకోర్టులో మొట్టమొదటి యూదు న్యాయమూర్తి అయ్యాడు.

జాతి విచక్షణ

ఈ సంస్కరణల ఫలితం నల్లజాతి పౌరులకు సమానంగా అందలేదు. 1912లో డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ వంటి నల్లజాతి మేధావులు విల్సన్‌ను సమర్థించారు. కాని 1913 నుండి తపాలా, ఆర్థిక శాఖలలో నల్లజాతి ఉద్యోగులను శ్వేతజాతి ఉద్యోగుల నుండి వేరు చేసి కూర్చోబెట్టడం మొదలైంది. పనిచేసే గదులు, భోజనశాలలు, మరుగుదొడ్లు వేరయ్యాయి. 1914 నుండి ఉద్యోగ దరఖాస్తుతో పాటు ఛాయాచిత్రాన్ని జతపరచవలసి రావడంతో అభ్యర్థి జాతి ముందే తెలిసిపోయేది. ఆ సంవత్సరం నవంబరులో పత్రికా సంపాదకుడు విలియం మన్రో ట్రాటర్ ఒక ప్రతినిధి వర్గంతో వచ్చి నిరసన తెలిపినపుడు విల్సన్ ఈ వేర్పాటును సమర్థించుకుని, ట్రాటర్ మాటతీరుపై ఆగ్రహించి సమావేశాన్ని ముగించాడు. పాలనలో ప్రతిభకే ప్రాధాన్యం ఉండాలని బోధించిన ఆచార్యుని ప్రభుత్వంలోనే ప్రతిభ గల ఉద్యోగులు చర్మపు రంగు కారణంగా వెనుకకు నెట్టబడ్డారు.

పొరుగు దేశాలలో జోక్యం

లాటిన్ అమెరికా దేశాలలో ప్రజాస్వామ్యాన్ని పెంపొందించడమే తన ధ్యేయమని చెప్పిన విల్సన్ అక్కడికి పలుమార్లు సైన్యాన్ని పంపాడు. 1914లో మెక్సికో రేవు పట్టణమైన వెరాక్రూజ్‌ను అమెరికా సేనలు ఆక్రమించాయి. 1915లో హైతీ, 1916లో డొమినికన్ రిపబ్లిక్ సైనిక పాలన కిందికి వచ్చాయి. హైతీ నుండి అమెరికా సేనలు 1934లో గాని వైదొలగలేదు. మరొక వంక 1916లో వచ్చిన జోన్స్ చట్టం ఫిలిప్పీన్స్‌కు భవిష్యత్తులో స్వాతంత్ర్యం ఇస్తామని వాగ్దానం చేసింది.

మొదటి ప్రపంచ యుద్ధం

తటస్థ విధానం

1914 ఆగస్టులో ఐరోపాలో యుద్ధం ఆరంభమైనపుడు విల్సన్ తటస్థతను ప్రకటించాడు. అదే నెల 6వ తేదీన ఇతని భార్య ఎలెన్ మరణించింది. 1885లో వివాహమైన వీరికి మార్గరెట్, జెస్సీ, ఎలినార్ అని ముగ్గురు కుమార్తెలు. 1915 డిసెంబరులో విల్సన్ ఎడిత్ బోలింగ్ గాల్ట్‌ను రెండవ వివాహం చేసుకున్నాడు.

బ్రిటన్ నౌకాదళం జర్మనీని దిగ్బంధించడంతో అమెరికా వాణిజ్యం, రుణాలు క్రమంగా మిత్రరాజ్యాలవైపే మొగ్గాయి. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణీకుల నౌకను ముంచివేసింది. మరణించిన 1,198 మందిలో 128 మంది అమెరికన్లు. విల్సన్ పంపిన తీవ్రమైన నిరసన లేఖలు యుద్ధానికి దారితీస్తాయని భావించి విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ రాజీనామా చేశాడు. 1916లో జర్మనీ తన దాడులను పరిమితం చేసుకోవడానికి అంగీకరించింది. దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతో ఆ ఏడాది ఎన్నికలలో విల్సన్ 277 – 254 ఎలక్టోరల్ ఓట్ల తేడాతో చార్లెస్ ఇవాన్స్ హ్యూస్‌పై గెలుపొందాడు.

యుద్ధ ప్రవేశం

1917 జనవరిలో విల్సన్ ఏ పక్షానికీ విజయం లేని శాంతిని ప్రతిపాదించాడు. ఫిబ్రవరి 1 నుండి జర్మనీ హద్దులు లేని జలాంతర్గామి యుద్ధాన్ని తిరిగి ప్రారంభించింది. అమెరికా యుద్ధంలోకి దిగితే తమతో చేరవలసిందిగా, కోల్పోయిన భూభాగాలను ఇప్పిస్తామని మెక్సికోను కోరుతూ జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ పంపిన రహస్య తంతి మార్చి 1న పత్రికలలో వెలువడింది. ఏప్రిల్ 2న విల్సన్ యుద్ధ ప్రకటనకై కాంగ్రెస్‌ను కోరాడు. సెనేట్ 82 – 6, ప్రతినిధుల సభ 373 – 50 ఓట్లతో ఆమోదించగా ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి ప్రవేశించింది.

యుద్ధకాల పాలన

1913 నాటి సంస్కరణలు ఇప్పుడు యుద్ధ సాధనాలుగా మారాయి. 7 శాతంగా ఉన్న గరిష్ఠ ఆదాయపు పన్ను 1918 చట్టంతో 77 శాతానికి చేరింది. ప్రజలకు అమ్మిన యుద్ధ బాండ్లకు ఫెడరల్ రిజర్వ్ వ్యవస్థ అండగా నిలిచింది. నిర్బంధ సైనిక సేవా చట్టం ద్వారా సుమారు 28 లక్షల మందిని సైన్యంలోకి తీసుకున్నారు. 20 లక్షల మందికి పైగా ఫ్రాన్స్ చేరుకున్నారు. పరిశ్రమల ఉత్పత్తిని బెర్నార్డ్ బరూక్ నేతృత్వంలోని బోర్డు, ఆహార సరఫరాను హెర్బర్ట్ హూవర్ పర్యవేక్షించారు. రైల్వేలు ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాయి. యుద్ధంలో సుమారు 1,16,000 మంది అమెరికా సైనికులు మరణించారు. వీరిలో సగానికి పైగా వ్యాధులకు, ముఖ్యంగా 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు బలైనవారే.

స్వదేశంలో అసమ్మతిని కఠినంగా అణచివేశారు. 1917 గూఢచర్య చట్టం, 1918 రాజద్రోహ చట్టం కింద యుద్ధ వ్యతిరేకులపై వేలాది కేసులు నమోదయ్యాయి. 1912లో విల్సన్‌పై పోటీ చేసిన సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు ఒక ఉపన్యాసం కారణంగా 10 సంవత్సరాల శిక్ష పడింది. యుద్ధం ముగిసిన తరువాత కూడా విల్సన్ అతనికి క్షమాభిక్ష నిరాకరించాడు. 1921లో తరువాతి అధ్యక్షుడు హార్డింగ్ అతనిని విడుదల చేశాడు.

మహిళల ఓటుహక్కు విషయంలో విల్సన్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. తొలుత దీనిని రాష్ట్రాలకే వదిలివేయాలన్న ఇతడు 1918 సెప్టెంబరులో సెనేట్‌కు స్వయంగా వెళ్ళి, యుద్ధంలో పాలుపంచుకున్న మహిళలకు ఓటు నిరాకరించడం తగదని వాదించాడు. 1920 ఆగస్టులో 19వ సవరణ అమలులోకి వచ్చింది.

పధ్నాలుగు సూత్రాలు, పారిస్ శాంతి సమావేశం

1918 జనవరి 8న విల్సన్ యుద్ధానంతర శాంతికి 14 సూత్రాలను ప్రకటించాడు. రహస్య ఒప్పందాల రద్దు, సముద్రాలపై స్వేచ్ఛా ప్రయాణం, ఆయుధాల తగ్గింపు, ఐరోపా జాతుల స్వపరిపాలన, అన్ని దేశాల భద్రతకు హామీ ఇచ్చే ఒక సమితి వీటిలో ముఖ్యమైనవి. జర్మనీ ఈ సూత్రాల ఆధారంగానే సంధి కోరింది. 1918 నవంబర్ 11న యుద్ధ విరమణ జరిగింది.

అంతకు కొద్ది రోజుల ముందు జరిగిన ఎన్నికలలో డెమొక్రాట్లకే ఓటు వేయవలసిందని విల్సన్ విజ్ఞప్తి చేసినా, ఉభయ సభలు రిపబ్లికన్ల వశమయ్యాయి. అయినప్పటికీ పారిస్ వెళ్ళిన ప్రతినిధి వర్గంలో ఒక్క సెనేటర్‌నైనా చేర్చుకోలేదు. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఏ ఒప్పందానికైనా సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఆమోదం తప్పనిసరి. ఈ సంగతి విల్సన్‌కు తెలియనిది కాదు.

పారిస్‌లో ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ పట్టుదలల ఎదుట విల్సన్ అనేక విషయాలలో తగ్గవలసి వచ్చింది. జర్మనీపై భారీ నష్టపరిహారం విధించారు. చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతంలో జర్మనీకి గల హక్కులను జపాన్‌కు కట్టబెట్టడంతో చైనాలో మే 4 ఉద్యమం చెలరేగింది. సమితి నిబంధనలలో జాతుల సమానత్వాన్ని చేర్చాలన్న జపాన్ ప్రతిపాదనకు అధిక సంఖ్యాకుల మద్దతు లభించినా, అధ్యక్ష స్థానంలో ఉన్న విల్సన్ ఏకగ్రీవం కాలేదన్న కారణంతో తిరస్కరించాడు. లోపాలేవైనా సమితి సరిదిద్దగలదన్న నమ్మకంతో 1919 జూన్ 28న వర్సెయిల్స్ సంధిపై సంతకం చేశాడు.

భారతదేశంపై ప్రభావం

విల్సన్ ప్రకటనలు పరాధీన దేశాలలో గొప్ప ఆశలు రేకెత్తించాయి. 1917లో మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి, హోంరూల్ లీగ్ నాయకుడు సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ భారతీయుల స్వపరిపాలనకు సహాయపడవలసిందిగా విల్సన్‌కు లేఖ రాశాడు. ఈ లేఖ బ్రిటిష్ పార్లమెంటులో దుమారం లేపగా, ఆయన తన బిరుదులను వదులుకున్నాడు. 1918 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ మహాసభ స్వయం నిర్ణయాధికార సూత్రాన్ని భారతదేశానికి కూడా వర్తింపజేయాలని తీర్మానించింది. అయితే విల్సన్ దృష్టి ప్రధానంగా ఐరోపా పైనే ఉండిపోయింది. వర్సెయిల్స్ సంధిపై భారతదేశం పేరిట సంతకం చేసినది బ్రిటిష్ మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజు గంగాసింగ్. ఆ విధంగా స్వాతంత్ర్యం లేకుండానే భారతదేశం నానాజాతి సమితి వ్యవస్థాపక సభ్యదేశమైంది.

విల్సన్ పెద్ద కుమార్తె మార్గరెట్ తరువాతి కాలంలో పుదుచ్చేరిలోని శ్రీ అరవింద ఆశ్రమంలో చేరి నిష్ఠ అనే పేరుతో జీవించింది. 1944లో అక్కడే మరణించింది.

సెనేట్‌తో వివాదం, అనారోగ్యం

సెనేట్ విదేశాంగ సంఘాధ్యక్షుడు హెన్రీ కాబట్ లాడ్జ్ సంధికి కొన్ని షరతులు జోడించాలని పట్టుబట్టాడు. సభ్యదేశాలపై దాడి జరిగితే రక్షించాలన్న సమితి నిబంధనావళి 10వ అధికరణం యుద్ధ ప్రకటనకు కాంగ్రెస్‌కు గల అధికారాన్ని హరిస్తుందని ఇతని పక్షం వాదన. ఆ అధికరణమే సమితికి ప్రాణమని భావించిన విల్సన్ రాజీకి నిరాకరించి, నేరుగా ప్రజల మద్దతు కోరుతూ 1919 సెప్టెంబరులో రైలులో దేశయాత్రకు బయలుదేరాడు. మూడు వారాలలో సుమారు 8,000 మైళ్ళు ప్రయాణించాడు. సెప్టెంబర్ 25న కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లోలో ప్రసంగించిన తరువాత అస్వస్థుడయ్యాడు. అక్టోబర్ 2న తీవ్రమైన పక్షవాతం వచ్చి శరీరం ఎడమ భాగం చచ్చుబడిపోయింది.

ఇతని అనారోగ్య తీవ్రతను ప్రజలకు తెలియనీయలేదు. ఏ కాగితాలు, ఏ వ్యక్తులు అధ్యక్షుని వద్దకు వెళ్ళాలో భార్య ఎడిత్ నిర్ణయించేది. తన అనుమతి లేకుండా మంత్రివర్గ సమావేశాలు జరిపినందుకు విదేశాంగ మంత్రి లాన్సింగ్ చేత 1920 ఫిబ్రవరిలో విల్సన్ రాజీనామా చేయించాడు. మూసిన గదులలోని బాధ్యత లేని అధికారాన్ని యౌవనంలో విమర్శించిన వ్యక్తి పాలన చివరకు ఒక పడకగది తలుపుల వెనుక సాగింది.

షరతులతో కూడిన సంధికి ఓటు వేయరాదని విల్సన్ తన పార్టీ సభ్యులను ఆదేశించాడు. 1919 నవంబర్ 19న సంధి వీగిపోయింది. 1920 మార్చి 19న మరల ఓటింగు జరుగగా 49 మంది అనుకూలంగా, 35 మంది ప్రతికూలంగా ఓటు వేశారు. అవసరమైన ఆధిక్యానికి 7 ఓట్లు తగ్గాయి. అమెరికా నానాజాతి సమితిలో ఎన్నడూ చేరలేదు.

చివరి రోజులు

సమితి స్థాపనకు గుర్తింపుగా 1919వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి విల్సన్‌కు లభించింది. దీనిని 1920 డిసెంబరులో ప్రదానం చేశారు. అప్పటికే ఎన్నికలలో ఇతని పార్టీ ఘోరంగా ఓడిపోయింది. పదవీ విరమణానంతరం వాషింగ్టన్‌లోనే నివసించి 1924 ఫిబ్రవరి 3న తన 67వ యేట మరణించాడు. ఇతని సమాధి వాషింగ్టన్ నేషనల్ కెథెడ్రల్‌లో ఉంది.

ప్రభావం

ఫెడరల్ రిజర్వ్, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నూరేళ్ళకు పైబడి కొనసాగుతున్నాయి. విల్సన్ ప్రభుత్వంలో నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అధ్యక్షుడై, ఐక్యరాజ్య సమితి సన్నాహాలలో ఉభయ పార్టీల సెనేటర్లను ముందునుండే భాగస్వాములను చేశాడు. 1945లో ఆ సమితి ఒప్పందాన్ని సెనేట్ 89 – 2 ఓట్లతో ఆమోదించింది. అధ్యక్షుడు అశక్తుడైతే ఏమి చేయాలో తెలిపే 25వ సవరణ 1967లో వచ్చింది. విల్సన్ జాతి విధానాల కారణంగా 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తన ప్రభుత్వ విధానాల అధ్యయన సంస్థ నుండి ఇతని పేరును తొలగించింది.

1913లో కాంగ్రెస్ సభ్యులతో సర్దుకుపోయి సాధించిన చట్టాలు నిలిచాయి. 1919లో సర్దుబాటును నిరాకరించడంతో, అన్నిటికన్న మిన్నగా భావించిన సమితిలోకి తన దేశాన్ని తీసుకుపోలేకపోయాడు. ప్రభుత్వ వ్యవస్థలను అధ్యయనం చేసే విద్యార్థులకు విల్సన్ జీవితం ఈ రెండు సంవత్సరాల మధ్య గల తేడాను స్పష్టంగా చూపుతుంది.